నేను వెళ్లని వార్డు డ్యూటీ

పదవీ విరమణ రోజున మా శిక్షణ సంస్థ పిల్లలు ఒక చిన్న పుస్తకం వేస్తామన్నారు. అందులో నా వృత్తి అనుభవాలు రాయమన్నారు. నేను మందు మాన్పించిన వాళ్ల గురించి రాస్తే చదివినవాళ్లకు హుషారొస్తుందట. సరేనన్నాను. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, మాన్పించిన వాళ్లు వరసగా గుర్తుకొచ్చినా కలం కదల్లేదు. ఒకే మనిషి దగ్గర ఆగిపోయింది. అతనూ మానేశాడు. నేను చెప్పిన రోజునే, చెప్పినట్టే మానేశాడు. అందుకే చనిపోయాడు.

మత్తు మాన్పించే కౌన్సిలర్లుగా కొత్తగా చేరుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సన్మానాల సంగతి రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి బీరువాకు తెలిస్తే చాలు. ఇక్కడ రాసేది చదివాక నా మీద గౌరవం పోతే పోనివ్వండి. అది ఇన్నాళ్లు ఉండడమే ఎక్కువ.

డాక్టర్ గారూ అని పిలిచినప్పుడు

నేను పుట్టుకతో ఈ పనిలో లేను. మాది పశ్చిమ గోదావరి. మా ఆవిడకు బ్యాంకులో బదిలీ అయితే ఆమె వెనకాల హైదరాబాద్ వచ్చాను. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. అంతకు ముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటుని. ఊళ్లో మా బాబాయి తాగి తాగి పోయాడు. ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడే పని చిన్నప్పటినుంచీ నాదే కాబట్టి ఈ విద్య నాకు వచ్చనే నమ్మకం ఒకటుండేది. బాబాయి ఎప్పుడూ మానలేదన్న విషయం మాత్రం ఆ నమ్మకానికి అడ్డు రాలేదు.

మిఠాయి కొట్టు మీద రెండో అంతస్తులో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు. ఆరు వారాలు క్లాసులో పాఠాలు, ఆరు వారాలు దవాఖానలో డీ-అడిక్షన్ వార్డు డ్యూటీ. వార్డులో ఎన్ని గంటలు కూర్చున్నామో, ఎవర్ని చూశామో లాగ్‌బుక్కులో రాసి, పై అధికారితో సంతకం పెట్టించుకోవాలి. పాఠాలు నాకు బాగా వచ్చాయి. నోట్సు అందంగా రాసేవాణ్ని. వార్డు నచ్చలేదు. వాంతుల వాసన, మంచానికి కట్టేసిన చేతులు, బూతులు. మాటలతో మనిషిని మార్చడానికొచ్చిన వాణ్ని, బెడ్ పాన్లు ఎక్కడున్నాయో నాకెందుకు అనుకున్నాను.

ఆ వార్డులో కరుణమ్మ అని సీనియర్ నర్సు ఉండేది. మెదక్ మనిషి. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. నాలుగో రోజు, శుక్రవారం, నేను గుమ్మం దగ్గరే తచ్చాడడం చూసి పిలిచింది. "సోమవారం పొద్దుగాల రా సారూ. ఆదివారం కల్లు దుకాణాలు బందుంటే సోమవారం కేసులు బాగొస్తయి. జర పక్కన కూసోని చూడు" అంది. వస్తానన్నాను.

శనివారం నాకు ఉద్యోగం వచ్చింది. హైటెక్ సిటీ కంపెనీలకు కౌన్సిలర్లను సరఫరా చేసే ఒక చిన్న సంస్థ. సోమవారం చేరమన్నారు. కోర్సు నిర్వాహకుడికి ఫోన్ చేసి వార్డు డ్యూటీ సంగతేమిటని అడిగాను. దానికేముంది, లాగ్‌బుక్కు పంపించండి, సంతకం పెట్టిస్తాను అన్నాడు ఆయన. పెట్టించాడు. నలభై రెండు రోజులకు నలభై రెండు సంతకాలు, ఒకే పెన్నుతో, ఒకే మధ్యాహ్నం. అందులో నావి నాలుగు రోజులు.

సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నాను. విజిటింగ్ కార్డు మీద పేరు పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు వేయించుకున్నాను. గచ్చిబౌలి ఆఫీసులో నా గదికి వచ్చిన మొదటి మనిషే "డాక్టర్ గారూ" అన్నాడు. నేను డాక్టర్ని కాదని చెప్పాలనుకున్నాను. చెప్పే లోపల అతను తన బాధ మొదలుపెట్టాడు. మధ్యలో ఆపడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాద ఏళ్ల తరబడి పాటించాను.

తొమ్మిదో అంతస్తు, గేటు

మా సంస్థ యజమానురాలిని మేడమ్ అందాం. తెలివైన మనిషి, మాట తీపి. కంపెనీకి రిపోర్టు వెళ్లాలి, మనిషి పనిలోకి వెళ్లాలి, ఆమెకు తెలిసిన వైద్యం అంతే. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె అడిగింది నేను ఇచ్చాను, ఇచ్చినందుకు మెప్పు పొందాను.

ఒకే వారంలో ఇద్దరు నా దగ్గరకు వచ్చారు. మొదటివాడు తొమ్మిదో అంతస్తు టీమ్ లీడు. రోజూ విస్కీ. పొద్దున మీటింగులో చేతులు వణుకుతున్నాయని హెచ్‌ఆర్ వాళ్లు పంపించారు. అతను ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నాకు కొంచెం బెదురుగా ఉండేది. పొరపాటు చేస్తే మెయిల్ పెడతాడన్న భయం. అందుకని పుస్తకంలో ఉన్నవన్నీ వరసగా అడిగాను. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, ఇంతకు ముందు మానినప్పుడు ఏమైంది, ఫిట్స్ ఏమైనా వచ్చాయా. గంట పట్టింది. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదికి రావచ్చని, ముందు దవాఖానలో చేరమని రాసిచ్చాను. పది రోజులు ఉండి వచ్చాడు. ఇప్పటికీ పండక్కి మెసేజ్ పెడతాడు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక చేశానని మీరు నన్ను క్షమించేస్తారేమోనని. ఆ ప్రశ్నలు నాకు తెలుసు. రెండు రోజుల తర్వాత వచ్చిన మనిషిని అడగలేదు.

అతని పేరు యాదగిరి. ముప్పై ఆరేళ్లు. అదే క్యాంపస్‌లో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి బోరబండలో కిరాయికుండేవాడు. భార్య బాలమణి అదే బిల్డింగులో హౌస్‌కీపింగ్. డ్యూటీలో కునుకుతూ రెండుసార్లు దొరికాడు. మూడోసారి దొరికితే తీసేస్తామని, అతను బాగున్నాడని కౌన్సిలర్ రాసిస్తేనే ఉంచుకుంటామని సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు చెప్పారు. మేడమ్ ఫోన్ చేసి, "గార్డుకు ఎక్కువ టైమ్ పెట్టకండి మూర్తిగారూ, పదిహేను నిమిషాలు చాలు" అంది. నేను పదమూడులో ముగించాను.

కుర్చీ చివర కూర్చున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఏం తాగుతావని అడిగాను.

"కల్లు తప్ప ఏం తాగ సార్. బ్రాంది ముట్టుకోను, బీరు ముట్టుకోను. కల్లే."

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో కల్లంటే పొద్దున్నే చెట్టు మీదనుంచి దింపిన తియ్యటి నీళ్లు. మా నాయనమ్మ కడుపులో మంటకు తాగేది. ఇదా వీడి జబ్బు అనుకున్నాను. మా ఫారంలో విస్కీ, బ్రాందీ, బీరు, గంజాయి అన్నిటికీ గడులున్నాయి. కల్లుకు లేదు. 'ఇతరములు' అనే దాని ఎదురుగా టిక్కు పెట్టాను. రోజుకు ఎన్ని అంటే ఆరేడు అన్నాడు. గ్లాసులనుకున్నాను. సీసాలని తర్వాత తెలిసింది. నేను అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాడు, దాచుకునే మనిషి కాదు.

తర్వాత నా సొంత పద్ధతి ప్రయోగించాను. కోర్సులో చెప్పింది కాదు, పుస్తకంలో ఉన్నది కాదు. పేదవాళ్లకు పాఠాలు అర్థం కావు, ఒట్టు అర్థమవుతుందని నా సిద్ధాంతం. ఎవరంటే ప్రాణమని అడిగాను. ఫోన్ తీసి బిడ్డ ఫోటో చూపించాడు. శ్రావణి, ఎనిమిదేళ్లు, రెండు జడలు. ఆ ఫోటో మీద చెయ్యి పెట్టించి, ఈ రోజునుంచి చుక్క ముట్టనని ఒట్టు వేయించాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఎంత మంచి సెషనో అనుకున్నాను. రెండు వారాల తర్వాత వస్తే ఉత్తరం రాసిస్తానని పంపించేశాను.

ఫోను

మూడో రోజు పొద్దున బాలమణి ఫోన్ చేసింది. నేను క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్నాను.

మొగుడు రెండు రోజులనుంచి కన్ను మూయడం లేదని చెప్పింది. ఒళ్లంతా వణుకుతోంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని చీపురు తీసుకుని కొడుతున్నాడు. కల్లు తెచ్చిపెడతానంటే బిడ్డ మీద ఒట్టేశాను, వద్దు అంటున్నాడు. ఇవన్నీ చెప్పి, ఆమె అడిగిన ప్రశ్న ఒకటే.

"దవాఖానకు తీస్కపోవాల్నా సార్?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. పుస్తకంలో నిద్ర లేకపోవడం, వణుకు, లేనివి కనపడడం ఒకే పేజీలో ఉంటాయి. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పదికి పది వచ్చాయి. కానీ కల్లుకు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. దవాఖానలో చేరితే ఏజెన్సీకి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, నా రిపోర్టు పాడవుతుంది అన్న లెక్క కూడా మనసులో మెదిలింది. మెదల్లేదని అబద్ధం చెప్పను.

"అది మామూలేనమ్మా. ఒంట్లోంచి దిగుతోంది. రెండు రోజులు ఓపిక పట్టండి. దవాఖాన అక్కర్లేదు. ఎంత అడిగినా కల్లు మాత్రం ఇవ్వకండి" అన్నాను.

"మంచిది సార్" అంది. చాలా గౌరవంగా అంది.

నేను ఇడ్లీ పూర్తిచేశాను.

ఆ రాత్రి యాదగిరికి ఫిట్స్ వచ్చాయి. ఒకటి ఆగకుండానే ఇంకోటి. మంచం మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఆటోలో తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఒక సీసా

దినాలయ్యాక బాలమణి నా గదికొచ్చింది. పక్కన శ్రావణి. ఆమె నన్ను నిలదీయడానికి వచ్చిందనుకుని, ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకున్నాను. తాగుడు వివరాలు అతను పూర్తిగా చెప్పలేదు కాబట్టి బాధ్యత మాది కాదని మేడమ్ అప్పటికే రిపోర్టులో రాయించింది. రాసింది నా చెయ్యే.

బాలమణి నిలదీయలేదు. గోడకు ఆనుకుని నిలబడి, తలవంచుకుని చెప్పింది.

"మీరు మంచిగనే చెప్పిండ్రు సార్. నేనే పాపం జేసిన. ఆయన బాధ చూడలేక మూడోదినం సాయంత్రం ఒక సీస తెచ్చి బలవంతంగ తాగిపిచ్చిన. బిడ్డ మీద ఒట్టు తప్పిపిచ్చిన. గందుకే పోయిండు."

ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని నా ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ వైపు చూస్తోంది. తల్లి మాటలన్నీ వింటోంది.

ఆ సీసా అతన్ని చంపలేదు. ఆ మూడు రోజుల్లో అతని ఒంటికి ఏం కావాలో కొంచెమైనా కనిపెట్టింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. దవాఖాన అని అడిగింది కూడా ఆమే. అప్పటికి నాకు ఇవన్నీ పూర్తిగా తెలియకపోయినా, తప్పు ఆమెది కాదన్నంత మటుకు తెలుసు. ఒక్క ముక్క చెబితే ఆమె తల పైకెత్తేది. చెబితే నా పేరు బయటికొచ్చేది.

"జరిగిందేదో జరిగిపోయింది. మనసులో పెట్టుకోకండి" అన్నాను.

ఆమె నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. మనిషి చనిపోవడం నా పొరపాటు. ఈ రెండోది పొరపాటు కాదు. తెలిసి చేశాను. నాకు ఎక్కువ సిగ్గు దీని గురించే.

కరుణమ్మ మొదటి ప్రశ్న

నెల తిరక్కుండా సెలవు పెట్టి వార్డుకు వెళ్లాను. కరుణమ్మ గుర్తుపట్టింది. "సోమవారం వస్తనన్నవ్. ఏ సోమవారమో చెప్పలేదు గదా" అని ఎగతాళి చేసింది. ఎందుకొచ్చావని అడిగింది. నేర్చుకోవడానికన్నాను. కారణం ఆమెకూ చెప్పలేదు.

ఆరు వారాలు కాదు, ఐదు నెలల పాటు సెలవురోజుల్లో వెళ్లాను. కల్లు తాగే మనిషి వస్తే ఆమె అడిగే మొదటి ప్రశ్న, ఎంత తాగుతావని కాదు. "ఏ కల్లు? చెట్టు కల్లా, మందు కల్లా?" ఇంత నగరంలో ఇన్ని దుకాణాలకు సరిపడా చెట్లెక్కడున్నాయి? చాలా చోట్ల నీళ్లలో నిద్రమాత్రల పొడి కలిపి అమ్ముతారు. ఏళ్ల తరబడి అది తాగినవాడు ఒక్కసారిగా ఆపితే, మత్తుమాత్రలు ఒక్కసారిగా ఆపినట్టే. వణుకు, నిద్ర పట్టకపోవడం, పురుగులు, ఫిట్స్. డాక్టర్లు దానికి బదులు మందిచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ దింపుతారు. ఈ సంగతి బోరబండలో కూరగాయలమ్మే వాళ్లకు కూడా తెలుసు. సర్టిఫికెట్ ఉన్న నాకు తెలియదు. సోమవారం వార్డుకు వెళ్లి ఉంటే పదకొండు గంటలకల్లా తెలిసేది.

కాబట్టి చదువుల గురించి, సర్టిఫికెట్ల గురించి నా అభిప్రాయం చెబుతాను, కొందరికి కోపం రావచ్చు. రెండు శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో నేర్పి కౌన్సిలర్ అని కాగితమిచ్చే వాళ్లున్నారు. ఆ కాగితంతో మనిషి ముందు కూర్చోకండి. తాగి మానేసినవాళ్లు కౌన్సిలర్లుగా వస్తున్నారు. వాళ్లకు బాధ తెలుసు, నా కన్నా మేలు. కానీ తమ దారి అందరికీ దారనుకుంటారు, వాళ్లకూ వార్డు కావాలి. పెద్ద డిగ్రీ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. మాటలు మన పని. కానీ ఏ మనిషితో మాటలు రేపటికి వాయిదా వేసి ఈ రోజే డాక్టరు దగ్గరకు పంపాలో తెలియకపోతే, ఆ మాటలకు విలువ లేదు. అది క్లాసులో రాదు. వణికే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటేనే వస్తుంది. వాళ్ల యాసలో ఎంత బాగా మాట్లాడినా, మీ ఊరి కల్లు వేరు, ఆ మనిషి తాగే కల్లు వేరు. అడగండి. తొమ్మిదో అంతస్తు మనిషిని గంటసేపు అడిగితే, గేటు దగ్గరి మనిషినీ గంటసేపు అడగండి.

ఒక కౌన్సిలర్ ఉండేవాడు

కొన్నేళ్లకు మేడమ్ సంస్థ వదిలేశాను. ఒక శిక్షణ సంస్థలో చేరి చివరి తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాను. నేను కఠినమైన మాస్టారినని పేరు. వార్డుకు వెళ్లకుండా లాగ్‌బుక్కు తెస్తే బయటికి పంపేవాణ్ని. మొదట్లో మాత్రం ఇద్దరికి, పెళ్లిళ్లని చెప్పుకుని ఏడిస్తే, ఖాళీ రోజులకు సంతకాలు పెట్టాను. వాళ్లిద్దరూ ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే భయంగా ఉంది.

ప్రతి బ్యాచ్‌కు యాదగిరి కథ చెప్పేవాణ్ని. "ఒక కౌన్సిలర్ ఉండేవాడు" అని మొదలుపెట్టేవాణ్ని. ఫారం, పదమూడు నిమిషాలు, ఒట్టు, ఫోను అన్నీ వివరంగా చెప్పేవాణ్ని. ఇడ్లీ కూడా చెప్పేవాణ్ని. పిల్లలు ఆ కౌన్సిలర్‌ని తిట్టుకునేవారు. నేనూ వాళ్లతో కలిసి తిట్టేవాణ్ని. తిట్టినంతసేపు తేలిగ్గా ఉండేది. అతనేమయ్యాడు సార్ అని ఎవరో ఒకరు అడిగేవారు. సిగ్గుపడి వృత్తి మానేశాడని చెప్పేవాణ్ని. క్లాసంతా తృప్తిగా ఊపిరి పీల్చుకునేది.

ఆఖరి బ్యాచ్‌లో సిద్దిపేట నుంచి వచ్చిన ఒకమ్మాయి వేరే ప్రశ్న అడిగింది.

"ఆ సీస వల్ల చనిపోలేదని ఆమెకు ఎవరన్నా చెప్పిండ్రా సార్?"

నేను బోర్డు తుడిచాను. చాలాసేపు తుడిచాను. చెప్పలేదమ్మా అన్నాను. ఆ అమ్మాయి నోట్సు మూసేసింది.

బోరబండ

పద్నాలుగేళ్ల నాటి నంబరు నా దగ్గరుంది. ఒక్కసారి కూడా కలపలేదు, తుడిచెయ్యలేదు. పదవీ విరమణ అయిన వారానికి కలిపాను. బాలమణే ఎత్తింది. పేరు చెప్పక ముందే "కౌన్సిలింగ్ సారా?" అంది. కలవాలన్నాను. ఎల్లుండి ఆయన దినం, పనికి పోను, ఇంట్లోనే ఉంటానంది. ఆ తేదీ నాకూ తెలుసు.

రైల్వే స్టేషన్ దగ్గర దిగి సందులు అడుక్కుంటూ వెళ్లాను. పైన ఒకే గది. యాదగిరి ఫోటోకు బంతిపూల దండ. స్టవ్ మీద వండిన గిన్నెలు మూతపెట్టి ఉన్నాయి. బాలమణి జుట్టు సగం నెరిసింది. టీ ఇచ్చింది. తాగక ముందే చెప్పడం మొదలుపెట్టాను, తాగితే చెప్పలేనేమోనని. లాగ్‌బుక్కు నుంచి ఫోను దాకా చెప్పాను. దవాఖానకు తీసుకెళ్లాలా అని మీరు అడిగారు, వద్దన్నది నేను, ఆ సీసా చంపలేదు, ఒట్టు తప్పినందుకు కాదు, ఆ ఒట్టు వేయించడమే నా తప్పు అన్నాను. మీరు నా గదికొచ్చిన రోజునే ఇది నాకు తెలుసు అని కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత అంది.

"నాకు జెప్పుడు గాదు సార్. పోరి వచ్చేదాంక కూసోన్రి. దానికి జెప్పున్రి. నాతోని మంచిగనే ఉంటది. గని వాళ్ల బాపు దినం నాడు నేను వండింది ముట్టదు. పద్నాలుగేండ్లాయె."

కూర్చున్నాను. ఆరున్నరకు శ్రావణి వచ్చింది. జీడిమెట్లలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. మెడలో ఐడీ కార్డు ఇంకా తియ్యలేదు. నన్ను చూడగానే ఎవరో గుర్తుపట్టింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు. తొమ్మిదేళ్లుగా క్లాసుల్లో ఎవరో ఇంకొకడి కథలాగా చెబుతున్నానన్న సంగతి కూడా చెప్పేశాను.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి విన్నది. విన్నాక ఒకటే అడిగింది.

"గప్పటికి మీరు ఏం సదివిండ్రు సార్?"

నా ముందు కూర్చున్న వేలమందిలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. యాదగిరి అడగలేదు. బాలమణి అడగలేదు. అడిగే హక్కు తమకుందని వాళ్లకు తెలియదు. ఎనిమిదేళ్లప్పుడు నా గోడ మీద ఫ్రేము వైపు చూసిన పిల్ల అడిగింది.

"మూడు నెలల కోర్సమ్మా. అందులో ఆరు వారాలు వార్డులో ఉండాలి. నేను నాలుగు రోజులున్నాను. మిగతావి సంతకాలు" అన్నాను.

ఆమె తలూపింది. బ్యాగు మేకుకు తగిలించింది. బయటికెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, స్టవ్ ముందు పీట వాల్చుకుని కూర్చుంది.

"పెట్టమ్మా" అంది.

బాలమణి గిన్నె మూత తీసింది. కంచంలో అన్నం పెట్టింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. నన్ను ఉండమని గానీ వెళ్లమని గానీ ఎవరూ అనలేదు. మెట్ల దగ్గరికి వచ్చాక వెనకనుంచి శ్రావణి గొంతు వినిపిస్తే తిరిగి చూశాను. అన్నం కలుపుతూనే, నా వైపు చూడకుండానే అంది.

"మీ పిల్లలకు గీ ముచ్చట జెప్పేటప్పుడు ఇంకోలు అని జెప్పకున్రి సార్. మా బాపు పేరు జెప్పున్రి. మీ పేరు జెప్పున్రి."

నాకిప్పుడు క్లాసులు లేవు. మీరడిగిన ఈ పుస్తకమే ఉంది. పదమూడు నిమిషాల్లో నేను పంపించేసిన మనిషి పేరు యాదగిరి. తొమ్మిదేళ్లు మీతో కలిసి నేను తిట్టిన కౌన్సిలర్ వృత్తి మానెయ్యలేదు, మీకు పాఠాలు చెప్పాడు. అతని పేరు వెంకటరమణమూర్తి.